మందులు నిండుకున్నాయి

మొదటి అనుమానం

వినీలా, క్షేమమా? మా రేవులో దిగేటప్పుడు నీ గొంతు బొంగురుగా ఉంది, తగ్గిందా? మిరియాల కషాయం తాగమన్నాను, తాగావా, లేక తల ఊపి ఊరుకున్నావా? నీతో వచ్చిన కళ్ళద్దాల అబ్బాయి మా తేలే ఊరి ఊపుకి తట్టుకోలేక వాంతి చేసుకున్నాడు, అతని కడుపు కుదుటపడిందా? మీ అమ్మగారికి మోకాలి నొప్పి అన్నావు, ఆవిడ మెట్లెక్కగలుగుతున్నారా? మీ నాన్నగారికి అన్నం సయిస్తోందా? ఇంకా ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళందరూ కులాసాయేనా? ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. బాగానే అంటే, ఈ పూటకి బాగానే ఉన్నాం.

ఇంతమందిని అడిగిందేమిటని విసుక్కోకు. ఒడ్డు సంరక్షణ వాళ్ళు తొడిగిన ఆ మాట్లాడే నేస్తం గాజు చేతికున్నన్నాళ్ళూ నాకు ఎవర్నీ అడిగే పని ఉండేది కాదు. పొద్దున్నే అదే చెప్పేది. ఫలానా తాడుకి కట్టిన ఇంట్లో ఫలానావిడకి రాత్రి నిద్రలేదు, ఎదురింటి పిల్లాడికి జ్వరం, రేవు కాపలాదారుకి విరేచనాలు. గాజు తీసేశాక ఎవరెలా ఉన్నారో నాకు తెలియడం లేదు. తెలియకపోతే నాకు కాలూ చెయ్యీ ఆడదు.

నువ్వు రాయమన్నావు కనక రాస్తున్నాను. "మామ్మగారూ, పరదా కొత్త బ్రౌజరు. వాడి చూడండి, ఏ అనుమానం వచ్చినా అడుగున ఉన్న పెట్టెలో రాయండి. అందులో రాసిందే మాకు కనిపిస్తుంది. పేరు రాయకండి, మాకు అక్కర్లేదు" అన్నావు వలల షెడ్డులో అందరి ముందూ. సరే, నా పేరు రాయను. మా తోడికోడలు పేరూ రాయను. ఆవిడ పెద్దది, నాకు అక్కయ్య. మా ఇద్దరి మొగుళ్ళూ పోయి చాలాకాలమైంది. పాత ఊరిని సముద్రం తీసుకున్నాక ఒడ్డు ప్రభుత్వం ఇచ్చిన, పీపాల మీద తేలే ఇంట్లో ఇద్దరమే ఉంటున్నాం.

నా మొదటి అనుమానం ఇది. పరదా చేతి గాజులో ఎందుకు రాదు? బల్లమీద కంప్యూటర్లోనే ఎందుకు? మాది పాతది, అల ఊపుకి పడిపోకుండా బల్లకి మేకులు కొట్టి పెట్టాం. దానికి కరెంటు కావాలంటే పొద్దున్నే ఇంటి పైకెక్కి సోలారు పలకల మీద ఉప్పు తుడవాలి. ఆ పని అక్కయ్య చేస్తానంటుంది. ఆవిడ పైకెక్కితే నా గుండె నా దగ్గర ఉండదు.

రెండో అనుమానం

నీ జవాబు చూశాను. గాజు ఎప్పుడూ ఒంటిమీదే ఉంటుంది, నాడి చూస్తుంది, మాట వింటుంది, అందులో తెర వేసే చోటే లేదు, బల్లమీదిదైతే మనం దాని దగ్గరకి వెళితేనే పలుకుతుంది అని రాశావు. అర్థమైంది. మేమెవరో నీకు నిజంగానే తెలియదనీ రాశావు. "ఆ నెలలో చాలా తేలే ఊళ్ళు తిరిగాం మామ్మగారూ. మావాడు అన్ని ఊళ్ళలోనూ వాంతి చేసుకున్నాడు" అన్నావు.

అక్కయ్యకి చదివి వినిపిస్తే పడీపడీ నవ్వింది.

"ఇంకేం భయమే నీకు? ఆ కుర్రాడి కడుపే మనకి పరదా!"

ఆవిడ నవ్వగలదు. నేను నవ్వలేను. ఇంకొకటి అడుగుతాను, దాచకుండా చెప్పు. పరదాలో నేను ఏం చూశానో, ఏం అడిగానో ఒడ్డు మీది సంరక్షణ వాళ్ళకి తెలుస్తుందా?

ఎందుకంటే మా పక్క ముడిలో గవరయ్య అని ఉండేవాడు. ఇక్కడ ఇళ్ళన్నీ తాళ్ళకి కట్టి ఉంటాయి కదా, ఇంటికో ముడి. ఒకరోజు అతనికి నోట్లో నురగ వచ్చి కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాడు. పెళ్ళాం కంగారుగా, ఏం చెయ్యమంటావని నేస్తాన్ని అడిగింది. నేస్తం చక్కగా చెప్పింది, పక్కకి తిప్పి పడుకోబెట్టమంది, నోట్లో ఏమీ పెట్టొద్దంది. ఆ మనిషి బతికాడు. తెల్లారేసరికి ఒడ్డు నుంచి పడవ వచ్చింది. ముగ్గురు వచ్చారు. ఎంత మర్యాద! చేతులు జోడించారు, ఆవిడ ఇచ్చిన మంచినీళ్ళు తాగారు. మూర్ఛ ఉన్నవాళ్ళు నీళ్ళమీద ఉండకూడదని కొత్త రూలు వచ్చిందని చెప్పి గవరయ్యని తీసుకుపోయారు. ఇప్పుడతను ఒడ్డు మీద ఆశ్రయంలో గోడకేసి చూస్తూ కూర్చుంటాడు. పెళ్ళాం తెరమీద చూసి పలకరిస్తుంది. అతను పలకడు.

ఆ రోజే నేను మా ఇద్దరి గాజులూ తీసి ఖాళీ ఊరగాయ జాడీలో వేసి మూత పెట్టి, పైన గుడ్డ కట్టాను. ఇప్పటికీ లోపలినుంచి సన్నగా పిలుస్తుంది. "అమ్మగారూ, బాగున్నారా? మీ నాడి తెలియడం లేదు" అని.

చెప్పకుండానే నీకర్థమై ఉంటుంది. మా అక్కయ్యకీ అదే జబ్బు. పెళ్ళైన కొత్తల నుంచీ ఉంది. బిళ్ళలు వేసుకుంటే కుదురుగా ఉంటుంది. ఏళ్ళ తరబడి రాలేదు. ఈ మాట రాయనా వద్దా అని పొద్దుటి నుంచీ బల్ల దగ్గరకి వెళ్ళడం, వెనక్కి రావడం. రాసేశాను. తుడిచెయ్యడానికి మీటేమైనా ఉంటే చెప్పు.

మూడో అనుమానం

నువ్వు రాసింది అక్కయ్యకీ నచ్చింది. పరదా మా కిటికీకి కట్టిన తెరలాంటిదనీ, ఇంట్లోకి ఎవరూ తొంగిచూడరనీ, కానీ మేమే గడప దాటి వెళ్ళి ఎవరికైనా చెబితే ఆ మనిషి నోటికి తెర కట్టలేదనీ రాశావు. గొప్పలు పోలేదు. "ఇది నిజం చెప్పే పిల్లే" అంది అక్కయ్య.

అందుకే ధైర్యం చేసి ఇవాళ పరదాలో మందుల కొట్టు తెరిచాను. ఇదివరకైతే వంట చేసుకుంటూ "నేస్తం, అక్కయ్య బిళ్ళలు నిండుకున్నాయి" అంటే చాలు, గురువారం పడవలో సంచి దిగేది. ఇప్పుడు నేనే కూర్చుని ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టాలి. కొట్టువాళ్ళు పేరు అడగలేదు. బిళ్ళ పేరు అడిగారు. రేవులో సంచి ఇవ్వడానికి ఏదైనా గుర్తుమాట పెట్టుకోమన్నారు. నేను అటూ ఇటూ చూస్తుంటే అక్కయ్య పొయ్యి దగ్గర్నుంచి "గోంగూర అని పెట్టు, తిని ఎన్నాళ్ళయిందో" అంది. పెట్టాను.

ఆ కింద ఇంకో గడి ఉంది. మీ దగ్గర ఈ మందు నిల్వ ఎలా ఉంది అని. నిండుకున్నాయి అని రాశాను. మా ఇంట్లో ఇంకో మాట అనకూడదు. బియ్యమైనా, ఉప్పైనా, దీపంలో నూనైనా, అయిపోయాయనీ లేవనీ నోటివెంట రానివ్వదు అక్కయ్య. మా అత్తగారు ఆవిడకి నేర్పింది, ఆవిడ నాకు నేర్పింది. "లేవు లేవు అంటే నిజంగానే లేకుండా పోతాయే" అంటుంది. ఇంట్లో అడుగంటిన వస్తువుల్లో బిళ్ళలు కూడా చేరాయి కనక వాటికీ అదే మాట.

అవతల్నుంచి వెంటనే జవాబు వచ్చింది. "సంతోషం. మీ ఆరోగ్యం ఇలాగే ఉండాలి" అని.

"మర్యాదస్తుడే" అంది అక్కయ్య.

మూసేటప్పుడు పరదా అడిగింది. ఇవాళ్టివన్నీ మరిచిపోనా అని. ఊఁ అన్నాను. అప్పటి నుంచీ నా అనుమానం ఇది. అది మరిచిపోయాక, నేను ఏం రాశానో మళ్ళీ చూసుకోవాలంటే ఎలా? పొయ్యి కట్టేశానో లేదో రెండుసార్లు చూసుకునే మనిషిని నేను.

నాలుగో అనుమానం

ఇవాళ గురువారం. పడవ వచ్చింది. సంచి రాలేదు.

పడవ సింహాద్రి మాకు బాగా తెలిసినవాడే. అతని చెవిలో అడిగాను.

"గోంగూర ఉందా నాయనా?"

"ఆయ్, లేదండి మామ్మగారూ. వంకాయ ఉంది, తోటకూర ఉంది, 'మా పెద్దల్లుడు' అని కూడా ఒకటుందండి. గోంగూర మాత్రం లేదు."

"సరిగ్గా చూడు, అడుగున పడిందేమో."

"సంచులన్నీ తిరగేశానండి. ఈ గుర్తుమాటలొచ్చిన కాణ్ణించీ నేను మందుల పడవ తోలుతున్నానో కూరల బండి తోలుతున్నానో నాకే తెలవట్లేదు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. రేవులో గట్టిగా పట్టుకోవడానికి నాకు తాడు దొరికింది కనక సరిపోయింది.

వినీలా, ఒక్క మాట చెప్పు. మీరు చెప్పేశారా? నేను ఆ జబ్బు పేరు రాసిన మర్నాడే కొట్టుకి వెళ్ళాను, ఇప్పుడు సంచి ఆగిపోయింది. సంచి ఒడ్డువాళ్ళ చేతికి పోయిందా? ఆ ముగ్గురూ ఇప్పుడు పడవెక్కుతున్నారా? అడుగుతున్నానని తప్పుపట్టకు. ఇంట్లో అట్టముక్కకి రెండు బిళ్ళలే మిగిలాయి. మళ్ళీ పడవ వచ్చే గురువారమే. చాకుతో సగానికి కోసి వేద్దామా అంటే అక్కయ్య "సగం బిళ్ళకి సగం జబ్బు తగ్గుతుందా? మిగతా సగం నీ తలకి రాసుకో" అంటోంది. అయినా సగమే ఇస్తున్నాను. మాట్లాడకుండా వేసుకుంటోంది. ఆవిడ మాట్లాడకపోతే నాకు ఇంకా భయం.

ఐదో అనుమానం

నువ్వు కోప్పడలేదు. "మామ్మగారూ, ముందు మీ అక్కయ్యగారు ఎలా ఉన్నారు?" అని మొదలుపెట్టావు. కొట్టులో ఏం జరిగిందో మీకు కనిపించదనీ, కనిపించకుండానే పరదా చేశారనీ, నేను అక్కడ ఏం రాశానో గుర్తుంటే అక్షరం తేడా లేకుండా చెప్పమనీ అడిగావు. చెప్పాను. నిండుకున్నాయి అని రాశాను అని.

వెంటనే జవాబు పెట్టావు. "మీ దగ్గర నిండుగా ఉంటే వాళ్ళెందుకు పంపుతారు మామ్మగారూ?"

ఆ ముక్క ఒకటికి మూడుసార్లు చదివాను. నిండుగా అని నేనెప్పుడన్నాను? నిండుకున్నాయి అన్నాను. అక్కయ్యని పిలిచి చూపించాను. ఆవిడ తెర దగ్గరకి ముఖం పెట్టి చదివి, మెల్లిగా బల్ల పట్టుకుని కూర్చుంది.

"ఒసే, ఈ పిల్లకి నిండుకోవడమంటే తెలియదే. కొట్టులో జవాబిచ్చే ఆ మరకీ తెలియదు. సంతోషం అన్నాడంటే ఎందుకన్నాడు? మన డబ్బా నిండా ఉందనుకున్నాడు."

మరి ఇన్నాళ్ళూ సంచి ఎలా వచ్చింది? నేస్తానికి తెలుసు. నా వెనకే ఉండి, నా వంటింట్లో బియ్యం డబ్బా అడుగు గీకడం విని, నిండుకున్నాయంటే లేవని అది నేర్చుకుంది. నా మాటని తనే మార్చి కొట్టుకి చెప్పేది. ఆ సంగతి నాకెప్పుడూ తెలియదు. నన్ను ఎవరూ చూడకూడదనుకున్నాను. చూడకపోతే నా మాట ఇంకెవరికీ అర్థం కాదని నాకేం తెలుసు?

లేవు అని రాసి మళ్ళీ అడగమన్నావు. అడుగుతాను. కానీ పడవ గురువారమే కదా తల్లీ. ఇంకోటి నీకు చెప్పలేదు. ఇవాళ పొద్దున్న పలకలు తుడుస్తుంటే అక్కయ్య చేతిలో చెంబు ఎగిరి నీళ్ళలో పడింది. "చెయ్యి జారింది" అంది. జారలేదు. చెయ్యి అదిరింది. ఆ అదురు నాకు తెలుసు.

ఆవిడ దిగొచ్చాక నేను జాడీ దగ్గరకి వెళ్ళాను. మూత మీది గుడ్డ విప్పాను. నేస్తాన్ని ఒక్కసారి అడిగితే చాలు, పొయ్యి మీద అన్నం ఉడికేలోపు పడవ వస్తుంది. బిళ్ళలూ వస్తాయి, ఆ ముగ్గురూ వస్తారు. బిళ్ళలు లేకపోతే ఆవిడ ఒక్కతీ నీళ్ళ అంచున ఉన్నప్పుడు మూర్ఛ వస్తే? ఏది పెద్ద భయమో తేల్చుకోలేక మూత మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను.

"ఏం చేస్తున్నావక్కడ?" అంది అక్కయ్య వెనక నుంచి.

"ఏం లేదక్కయ్యా, ఊరగాయ చూద్దామని."

"ఊరగాయ లేని జాడీలో ఊరగాయా! ఇటు తిరుగు. జబ్బు నాది. దాచాలన్నా నువ్వే, తియ్యాలన్నా నువ్వే. నన్నొక్కసారి అడిగావా?"

అడిగాను. ఇప్పుడేం చేద్దామని నోరు తెరిచి అడిగాను.

"ఒడ్డుకి నేను పోను. గవరయ్య గోడకి ఎదురుగోడ నాకక్కర్లేదు. అలాగని ఆ జాడీలో గాజుల్లా మూతేసుకుని కూర్చోను. ఆ పిల్ల మనల్ని అడిగింది కదా, ఎలా ఉన్నారని? అడిగినవాళ్ళకి చెబుదాం. మనమే, మన నోటితో. పేరు రాయి."

"అక్కయ్యా, పేరు రాస్తే ఇంక పరదా ఏముంది?"

"మన తెర మనం తీసి రమ్మంటున్నాం. అదీ వాళ్ళ తొంగిచూపూ ఒకటేనా?"

ఆరోది, అనుమానం కాదు

నా పేరు నూకరత్నం. మా అక్కయ్య పేరు అచ్చియ్యమ్మ. మా ఇల్లు ఏడో తాడు, చివరి ముడి, గుమ్మానికి పసుపు రంగు వెలిసిపోయి ఉంటుంది. మా అక్కయ్యకి మూర్ఛ ఉంది.

బిళ్ళలు లేవు.

ఈ మాట రాసేముందు అక్కయ్యకి చెప్పాను. ఆవిడ అరుగు మీదకి వెళ్ళి, అటు తిరిగి, రెండు చెవులూ మూసుకుని కూర్చుంది. నేను మీటలు కొట్టేదానికి చెవులెందుకు మూసుకోవడమో ఆవిడకే తెలియాలి. మళ్ళీ రాస్తున్నాను, ఈసారి ఎవరికీ ఇంకో అర్థం రాకూడదు. మా ఇంట్లో బిళ్ళలు లేవు.

నీకు చేతనైంది చెయ్యి. చేతకాకపోతే అదీ చెప్పు. కానీ తొందరగా చెప్పు.

ఏడో అనుమానం

వినీలా, నిన్నటి సంగతి రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకో.

నువ్వు "బయల్దేరదీశాను, ధైర్యంగా ఉండండి" అని పెట్టావు. అది చూసి బల్ల దగ్గర్నుంచి లేచేసరికి అరుగు మీద శబ్దమైంది. అక్కయ్య పడిపోయింది. నీళ్ళకి జానెడు దూరంలో తల. ఒళ్ళంతా కొట్టుకుంటోంది. నా కొంగు ఆవిడ నడుముకి చుట్టి రెండో కొస గుంజకి కట్టాను. పక్కకి తిప్పాను, నోట్లో ఏమీ పెట్టలేదు. ఈ ఉపాయం నేస్తం గవరయ్య పెళ్ళానికి చెప్పిందే. దాని నుంచి పారిపోయి దాని మాటే వాడుకున్నాను. కొట్టుకోవడం ఆగింది. గురక మొదలైంది. అప్పుడు నేను గట్టిగా ఏడ్చాను.

ఏడుస్తుండగా నీళ్ళమీద కేక వినిపించింది.

"గోంగూరా! గోంగూర ఎవరిదండీ!"

సింహాద్రి. రొయ్యల పడవ వేసుకుని వచ్చాడు. నువ్వు రేవుకి కబురు పెట్టి, కొట్టు నుంచి సంచి ఇప్పించి పంపావట. అతను అరుగు మీద పడి ఉన్న అక్కయ్యని చూశాడు, నడుముకి ఉన్న కొంగు చూశాడు, నన్ను చూశాడు. అతని చేతికి నేస్తం గాజు ఉంది. అతను ఆ చెయ్యి మోచేతిదాకా రొయ్యల తొట్టిలో ముంచేసి, పైకి తియ్యకుండా ఎడం చేత్తో సంచి అందించాడు.

"ఎండ బాగా ఉందండి మామ్మగారూ, కళ్ళలో పడి నాకేం కనపడట్లేదు. పెద్దావిడ కునుకు తీస్తున్నట్టున్నారు, లేపకండి" అని పడవ తిప్పుకున్నాడు.

అక్కయ్య సాయంత్రానికి లేచింది. నిండు బిళ్ళ వేసుకుంది. మొదటి మాట ఏమందో తెలుసా? "ఆ మాట అననే అన్నావు, చూశావా ఏమైందో!" అంది. లేవు అని రాయడం వల్లే మూర్ఛ వచ్చిందని ఆవిడ నమ్మకం. లేవు అని రాయడం వల్లే బిళ్ళలు వచ్చాయని నేనన్నాను. ఇవాళ పొద్దుటిదాకా ఇదే దెబ్బలాట. ఇంత గట్టిగా దెబ్బలాడుతోందంటే ఒంట్లో కులాసాగానే ఉన్నట్టు.

నువ్వు అడిగినవి ఆవిడకి చెప్పాను. నిండుకున్నాయి లాంటి మాటలు ఇంకేమున్నాయో వచ్చి రాసుకుంటానన్నావు కదా. "దీపం కొండెక్కిందంటే ఏ కొండ అని అడుగుతుందేమో, దారిలో నేర్చుకుని రమ్మను" అంది. వెళ్ళేటప్పుడు వెళ్తాను అనకూడదు, వెళ్ళొస్తాను అనాలని ముందే చెప్పమంది. ఆ మాటలు నేర్చాక పరదా వాటిని మా ఇంటి మాటలని ఎవరికీ చెప్పదు కదా? ఇదే నా ఏడో అనుమానం. నిన్ను నమ్ముతున్నాను, అయినా అడుగుతున్నాను. అడగకుండా నేను ఉండలేను.

పైకెక్కి పలకలు తుడిచే పని ఇక నాదే. అక్కయ్య తాడు పట్టుకుని కింద కూర్చుని పేర్లు పెడుతుంది. జాడీ మూత మళ్ళీ కట్టేశాను. ఆ ముగ్గురూ ఎప్పుడైనా రావచ్చు. పడవ చప్పుడైనప్పుడల్లా కిటికీ దగ్గరకి వెళుతున్నాను. ఒక్క రోజు మాత్రం పడవ చప్పుడు కోసం ఎదురుచూస్తాను, నువ్వొచ్చే రోజు. అట్లతద్దికి రమ్మంది అక్కయ్య. రెండు గుంజల మధ్య ఉయ్యాల కడదాం, ఊరే ఊగుతోంది కనక ఎవరూ తొయ్యక్కర్లేదు అంది. కళ్ళద్దాల అబ్బాయిని కూడా తీసుకురా. అతని కోసం నిమ్మకాయలు దాస్తాను.

రాయడం ముగిస్తుంటే పరదా ఎప్పటిలాగే అడిగింది, ఇవాళ్టివన్నీ మరిచిపోనా అని. ఆ ప్రశ్న పక్కన చిన్న అక్షరాలతో ఇంకోటి కూడా ఉంది. ఇన్నాళ్ళూ నా కంటపడలేదు. ఒక్కటి గుర్తుంచుకోనా? అది ఈ కంప్యూటర్ దాటి బయటకి పోదని రాసి ఉంది. అక్కయ్యని పిలిచి ఆవిడతో కూడా చదివించాను. ఆ తర్వాత ఊఁ అని, ఇది రాశాను.

వినీల వస్తుంది. ఏడో తాడు, చివరి ముడి. అక్టోబరు ఇరవై తొమ్మిది, అట్లతద్ది, పొద్దుటి పడవకి.